మూగవోయిన పసివాడు: మన బడులు నేర్చిన పాఠము



మన పల్లెలలో తరచు జరుగు ఒక చిన్న ముచ్చటతో ఈ ప్రసంగమును మొదలుపెట్టెదను. సాయంకాలము. ఇంటి అరుగుమీద పెద్దలు నలుగురు కూర్చుండియుందురు. పొరుగూరినుండి చుట్టములు వచ్చియుందురు. తాతగారు లోపలనున్న మనుమని పిలిచి, "ఏదిరా, మామయ్యకు నమస్కారం పెట్టి, నిన్న నేర్చుకున్న పద్యం చెప్పు" అనును. ఆ పసివాడు నిన్నటి రాత్రి ఆ పద్యమునే తాతగారి ప్రక్కలో పరుండి ముమ్మారు తప్పులేకుండ చెప్పినవాడే. ఇప్పుడు మాత్రము తల వంచుకొని, చొక్కా అంచు నలుపుచు నిలుచుండును. తాతగారు మరల అడుగును. మేనమామ అడుగును. వంటయింటి గుమ్మమునుండి తల్లి సైగ చేయును. అడుగువారు పెరిగినకొలది వాని పెదవులు బిగిసిపోవును. తుదకెవరో ఒకరు "మొండిఘటం" అని తీర్పు చెప్పుదురు. అందరు నవ్వుదురు. పసివాడు లోపలికి పోవును. ఆ తీర్పు మాత్రము వాని చెవిని విడిచిపోదు.

ఈ తీర్పు న్యాయమైనదా? ఉక్కిరిబిక్కిరియైన వేళ పసివాడు మాటాడకుండుట వాడు చేయు పనియా, లేక వానికి సంభవించు స్థితియా? పలుక నొల్లడా, పలుకలేడా? ఈ రెండు మాటల నడుమనున్న భేదమును గుర్తించుటకు లోకమునకు చాల కాలము పట్టినది. ఆ చరిత్రనే నేడు మీకు విన్నవింపదలచితిని.

ముందుగా నా తప్పును చెప్పుకొందును. నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వ్యాకరణమును, అలంకారశాస్త్రమును గురువుల సన్నిధిని చదివితిని. నెల్లూరికి ఉత్తరమున, పెన్న దాటిన పిమ్మట వచ్చు మా కొడవలూరు ప్రాంతము వరిపొలముల సీమ. తూర్పున కొంత దూరమునకే సముద్రము. ఆ చుట్టుపట్ల పిల్లలకు పద్యము నేర్పుటయే నా జీవితమైనది. ఉద్యోగమున చేరిన తొలిదినములలో, ఆరవ తరగతిలో ఒక బాలుడుండెను. కూలి చేసికొని బ్రతుకు ఇంటివాడు. వ్రాతలో చక్కనివాడు. పరీక్షాధికారి బడికి వచ్చిన నాడు, వానిచేత పద్యము చెప్పించి మెప్పు పొందవలెనని నాకు కోరిక పుట్టినది. వానిని లేపితిని. వాడు లేచి నిలుచుండెను, నోరు విప్పలేదు. మరల అడిగితిని. ముమ్మారు అడిగితిని. వాని కన్నులు నన్ను చూచుచున్నవి గాని నన్ను చూచుటలేదు. అధికారి చిరునవ్వు నవ్వి ప్రక్క తరగతికి పోయెను. నాకు తలకొట్టివేసినట్లయినది. ఆ సాయంకాలము గంట కొట్టువరకు వానిని బెంచీమీద నిలుచుండబెట్టితిని. మరునాడు వాడు బడికి రాలేదు. దాని తరువాతినాడును రాలేదు.

ఆ కథ తరువాయి తుదిని చెప్పెదను. ఇక్కడ చెప్పవలసినది ఒక్కటి కలదు. నేను చదివిన శాస్త్రమును నేనే ఆనాడు మరచితిని. అలంకారశాస్త్రము చదువుకొన్న ప్రతివాడును ఎనిమిది సాత్త్వికభావములను వల్లెవేయును. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన ఆ యెనిమిదియు ఇవి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. తేటతెలుగున చెప్పవలెనన్న, కొయ్యబారుట, చెమట పట్టుట, ఒడలు గగుర్పొడుచుట, గొంతు మారుట, వణకుట, వన్నె తప్పుట, కన్నీరు వచ్చుట, ఒడలు తెలియక పడిపోవుట. స్తంభమునకు కారణములు చెప్పుచు భయమును, శోకమును, విస్మయమును, హర్షమును కూడ ఆ శాస్త్రము పేర్కొన్నది. అనగా దుఃఖమువలననే కాదు, పట్టజాలని సంతోషమువలనను మనుష్యుడు కొయ్యబారవచ్చును. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో జడత యనునది మరియొకటి. ఇష్టమైనదానినో అనిష్టమైనదానినో చూచుటవలన, వినుటవలన అది కలుగునట. అడిగినదానికి బదులు చెప్పకుండుట, ఊరక యుండుట, రెప్పవేయక చూచుట దాని లక్షణములు.

ఈ లక్షణములన్నియు ఆ బాలునియందు నా యెదుట నిలిచియుండెను. నేను వానిని పరీక్ష చేయుచుంటిననుకొంటిని గాని, వాస్తవముగా పరీక్షలో తప్పినవాడను నేనే. చెమట పట్టినందులకు ఎవ్వరును పిల్లవానిని బెంచీ యెక్కింపరు. ఒడలు గగుర్పొడిచినందులకు బెత్తముతో కొట్టరు. ఆ వరుసలోనిదే స్తంభము. ఆ వరుసలోనిదే గొంతు పెగలకపోవుట. దీనినిమాత్రము మనము మొండితనమనుచున్నాము.

నేటి దేహతత్త్వజ్ఞులును ఇట్టిమాటయే చెప్పుదురు. భయము కలిగినపుడు ప్రాణి ఎదిరించును, లేదా పారిపోవును, లేదా బిగుసుకొనిపోవును. పొదలోని కుందేలు కుక్క అలికిడి విని కదలక మెదలక యుండుట మనము చూచినదే. అది ఆలోచించి చేసిన పని కాదు. దాని దేహము దానిని ఆపివేసినది. నలుగురి నడుమ నిలిచిన పసివాడును అట్టివాడే. ఎదిరించుటకు వయస్సు చాలదు. పారిపోవుటకు మర్యాద అడ్డము. ఇక మిగిలినది బిగుసుకొనిపోవుటయే.

పసివారిమాట యటుండనిండు. మహావీరులకును ఈ స్థితి తప్పలేదు. కురుక్షేత్రమున ఉభయసేనల నడుమ రథము నిలిచినపుడు అర్జునునకు అవయవములు పట్టుతప్పినవి, నోరెండినది, విల్లు చేజారినది. తుదకు యుద్ధము చేయనని చెప్పి ఊరకుండెను. ఈ ఘట్టము గల భీష్మపర్వమును తెలుగు చేసిన తిక్కనసోమయాజి పదమూడవ శతాబ్దమున మన నెల్లూరిలో మనుమసిద్ధి కొలువుననున్నవాడే. ఇక్కడ కృష్ణుని నడవడి గమనింపదగినది. ఆయన మొదట ఒక కఠినమైన మాటతో హెచ్చరించెను. అది పనిచేయలేదు. పిదప చిరునవ్వుతో, ఆ సేనల నడుమనే, తొందరలేక చాలసేపు మాటాడెను. అడిగిన ప్రశ్ననే మరల మరల అడిగెను అర్జునుడు; విసుగులేక చెప్పెను కృష్ణుడు. గాండీవధారికి అంత యోర్పు కావలసివచ్చినపుడు, ఆరేండ్ల పిల్లవానికెంత కావలెను!

శాస్త్రమిట్లు చెప్పగా, మన బడులు ఏమి చేసినవి? దీనికి వ్రాతమూలకమైన సాక్ష్యము కలదు. మదరాసు గవర్నరుగానున్న సర్ తామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని విచారించి తెలుపుడని జిల్లా కలెక్టరుల నందరిని అడిగెను. ఆ నివేదికలనుబట్టి 1826లో ఆయన వ్రాసిన లెక్కప్రకారము రాజధానియంతట 12,498 బడులుండెను. మన నెల్లూరు జిల్లానుండి పోయిన లెక్కలో 804 బడులు కలవు. అరుగులమీద, చావళ్ళలో, చెట్లక్రింద నడచిన వీథిబడులివి. వీనిని తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు. ఆ బడులే లేకున్న మన తాతలకు అక్షరము లేదు.

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర 1823 ఆగస్టులో వ్రాసినది మిక్కిలి వివరమైనది. ఈయనయే తెలుగునకు వ్యాకరణము వ్రాసిన కాంబెల్. ఉదయము ఆరు గంటలకే బడి కూడునట. మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. అనగా పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఇట్లు వెనుకవచ్చినకొలది దెబ్బలు హెచ్చును. సోమరికి బెత్తము కలదు. రెండు చేతులును కట్టి కప్పునుండి వ్రేలదీయుటయు, ఎడతెగక కూర్చుండి లేవజేయుటయు కలవు. ఆ వ్రేలదీయుటనే మన పెద్దలు కోదండమనిరి. ఆ కూర్చుండి లేచుటయే గుంజిళ్ళు. తొడపాశము, గోడకుర్చీ మొదలగువానిని మనలో వృద్ధులైనవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు.

ఈ పట్టికలో సోమరికి శిక్ష కలదు, ఆలసించినవానికి శిక్ష కలదు. భయముచేత నోరు రానివానికి ప్రత్యేకమైన గడి లేదు. వానిని సోమరి గడిలోనే వేసిరి. కోదండమున వ్రేలాడు పిల్లవానికి భయము తగ్గునా, హెచ్చునా? హెచ్చిన భయము గొంతును మరింత బిగించును. బిగిసిన గొంతునకు మరియొక శిక్ష. ఈ చక్రమున చిక్కి బడి విడిచిపోయిన పిల్లల లెక్క ఏ కలెక్టరును వ్రాయలేదు.

అయినను అదే వీథిబడిలో ఒక అమృతబిందువు కూడ కలదు. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పుట, పలక కాగితములు లేకయే ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుట ఆ బడుల పద్ధతి. మదరాసు ఎగ్మూరులో 1789లో స్థాపింపబడిన అనాథబాలుర శాలకు ఆండ్రూ బెల్ అను మతగురువు పెద్దగానుండెను. ఒకనాడాయన గుఱ్ఱముపై పోవుచు, ఒక దేశీయపు బడిలో పిల్లలు నేలమీద కూర్చుండి ఇసుకలో వ్రాయుట చూచెను. తన శాలలోని ఉపాధ్యాయులను అట్లు నేర్పుడనగా, అది కాని పని యనిరి. అంతట ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఆ పని యప్పగించెను. పెద్దలకు కానిది ఆ పిల్లవానికైనది. బెల్ ఆ పద్ధతిని గూర్చి 1797లో లండనులో గ్రంథము ప్రకటించెను. అది మదరాసు పద్ధతియను పేర ఇంగ్లండునందు అనేక పాఠశాలలకు వ్యాపించినది.

ఎనిమిదేండ్లవాడు ఏల నెగ్గెను? తక్కువ ఖర్చని దొరలు మెచ్చుకొనిరి. నాకు తోచునది వేరు. ఇసుకలో వ్రాసిన తప్పు అరచేతితో తుడిచిన మాసిపోవును, దానికి సాక్షులుండరు. ప్రక్కనున్న తోటివాని యెదుట నోరు విప్పుటకు అంత జంకుండదు. తప్పు మాసిపోవునన్న ధైర్యము, తోటివాడున్నాడన్న ధైర్యము, ఈ రెండే మూగవోయిన పిల్లవానికి కావలసిన మందులు. అవి మన వీథిబడిలోనే పుట్టినవి. కోదండము ప్రక్కనే ఈ మందును ఉంచుకొని మనము దానిని గుర్తింపలేదు.

ఇక వైద్యుల చరిత్రకు వత్తము. కొందరు పిల్లలు ఇంటిలో చక్కగా మాటాడుచు, బడిలోనో పరుల యెదుటనో నెలల తరబడి ఒక్కమాటయు పలుకరు. జర్మను వైద్యుడు కుస్మౌల్ 1877లో ఈ స్థితిని వర్ణించి, ఇచ్ఛాపూర్వకమైన మూగతనమని అర్థమిచ్చు పేరు పెట్టెను. అనగా పిల్లవాడు కావలెననియే మాటాడుటలేదని యాయన తలంపు. 1934లో స్విట్జర్లండు వైద్యుడు ట్రామెర్ దీనికి వేరుపేరు పెట్టెను. దాని యర్థము, పిల్లవాడు తానెంచుకొన్న మౌనము. ఇందును నేరము పిల్లవానిదే. అమెరికా మానసికవైద్యుల గ్రంథము 1994 ముద్రణలో ఆ పేరును మార్చి, కొన్ని చోట్లనే కలుగు మౌనమను అర్థము వచ్చునట్లు చేసినది. ఎంచుకొనుట పిల్లవానినుండి తొలగి, చోటునకు మారినది. 2013 ముద్రణలో దానిని ఆందోళనకు సంబంధించిన రుగ్మతలలో చేర్చినది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పట్టికయు నేడు ఇట్లే చెప్పుచున్నది.

చూచితిరా! ఒక పేరు మారుటకు నూరేండ్లకు పైగా పట్టినది. పలుక నొల్లడు అన్నది పలుకలేడు అని తేలుటకు ఇన్ని తరములు కావలసివచ్చినవి. మాటాడని ప్రతి పిల్లవాడును రోగియని నేను చెప్పుటలేదు. ఇవి మితిమీరిన స్థితులు. మన ఇండ్లలోని పిల్లలు చాలమంది జంకు తీరిన పిమ్మట తామే మాటాడుదురు. అయినను మూలమొక్కటే. అది భయముగాని పొగరు కాదు.

మాట పెగలకుండుటకు భాషయు ఒక కారణము. ఇంటిలో వినని భాషలో ప్రశ్న వేసిన ఎంత చురుకైన పిల్లవాడైనను ఊరకుండును. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను తాము స్వయముగా నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. వ్యావహారికభాషావాదమున నావంటి గ్రాంథికపు పండితులు వారితో కలహించిరి గాని, ఈ విషయమున వారి మాటకు బదులు లేదు. నేడు మన పల్లెలలో మూడవయేటనే ఇంగ్లీషు బడికి పోవు పిల్లవాడు తొలినెలలు మౌనముగా నున్నచో, వాడు మందమతియని తలపవలదు. వాడు వినుచున్నాడు, కూడబెట్టుకొనుచున్నాడు.

మౌనమే చెడ్డదనుకొనుటయు పొరపాటు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరీ 1907 జనవరి 6వ తేదీన రోము నగరపు పేదలవాడలో శిశువిహారము నెలకొల్పెను. ఒకనాడు నాలుగునెలల పసికందును ఎత్తుకొని తరగతిలోనికి వచ్చి, ఈ పాప యెంత నిశ్శబ్దముగా నున్నదో చూడుడని పిల్లలతో ననెను. దానినుండి నిశ్శబ్దపు ఆట పుట్టినది. పిల్లలందరు ఊపిరి సడి వినబడునంత నిశ్చలముగా కూర్చుందురు. ప్రక్క గదినుండి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలువగా, వారు సవ్వడిలేక లేచిపోవుదురు. ఈమె 1939లో మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. యుద్ధకాలమంతయు మన దేశముననే యుండెను.

ఆ యాటలోని మౌనమునకును, బెంచీమీద నిలిచిన నా శిష్యుని మౌనమునకును ఎంత భేదము! అది అందరు కలసి ఆడిన మౌనము. ఇది వానినొక్కని వేరుచేసిన మౌనము. అందు పిలుపు గుసగుసగా వచ్చును. ఇందు పిలుపు ఉరుమువలె వచ్చినది. పిల్లవాని మాటను కోరువాడు ముందుగా తన గొంతు తగ్గించుకొనవలెనని ఆ యాట నేర్పుచున్నది.

ఆకాశవాణి నుండి మాటాడుచు, ఆకాశవాణి పెద్దలను తలపకపోవుట మర్యాద కాదు. మదరాసు కేంద్రమున పిల్లల కార్యక్రమములను నడపిన న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. 1945లో బాల యను పత్రికను నెలకొల్పిరి. మైకు ముందు నిలిచిన పెద్దలకే నోరెండుట నేను స్వయముగా నెరుగుదును. అట్టిచోట పిల్లలచేత పాడించి, మాటాడించి, ఆడించినవారు తమకు పెట్టుకొన్న పేర్లు గమనింపుడు. మాష్టరుగారు కాదు, దొరగారు కాదు. అన్నయ్య, అక్కయ్య. పరీక్షించువాడు ఎదురుగా నిలుచుండును. అన్నయ్య ప్రక్కన నిలుచుండును. అంతయు ఆ నిలుచుండు చోటులోనే యున్నది.

ఇప్పటికి శాసనమును మారినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లో బడులలో శారీరకదండనను నిషేధించినది. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను దెబ్బలనే కాక, మనస్సును వేధించుటను కూడ నిషేధించినది. నలుగురిలో నవ్వులపాలు చేయుటయు వేధింపు కాక మరేమి? అయితే చట్టము బడి గడపవరకే వచ్చును. మన అరుగుమీదికి రాదు. అక్కడ చట్టమును నిలుపవలసినవారు మీరే. అందుచేత పెద్దలైన మీకు, నా తప్పులవలన నేర్చుకొన్న కొన్ని మాటలు విన్నవించెదను.

పిల్లవాడు బిగుసుకొనిపోయినపుడు మొదట ప్రశ్నలను ఆపుడు. ఒకడు అడిగినది చాలక నలుగురడుగుట, మునిగిపోవువాని నెత్తిన నీరు పోయుట వంటిది. చూపును వానిపైనుండి మరలించి, వేరు సంగతి ఎత్తుకొనుడు. సందడినుండి వానిని మెల్లగా ఇవతలికి తీసికొనిపోయి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వలదన్న బిడ్డను బలవంతముగా పట్టుకొనకుడు. ఏమియు అడుగక కొంతసేపు ఊరకుండుడు. కావలసిన వేరుసెనగకాయలు ఒలుచుకొనుడు, లేగదూడకు గడ్డి వేయుడు. చేతికి పని దొరకిన పిల్లవాని గొంతు తానే వదులగును.

మాట రానిచో మాటకు బదులుగా వేరొకదానిని అంగీకరింపుడు. తల యూపుట చాలును. వ్రేలు చూపుట చాలును. పలకమీద వ్రాసిన చాలును. ఇది గారాబము కాదు. కాలువ దాటలేనివానికి తాటిమ్రాను అడ్డము వేయుట మాత్రమే. అయితే వాని బదులు అన్నిమాటలు మీరే చెప్పివేయకుడు. వంతెన వేయుడు గాని, ఎత్తుకొని దాటింపకుడు. చుట్టములు వచ్చుదురని ముందే చెప్పుడు. ఎవరు వత్తురో, ఎంతసేపుందురో, వాడేమి చేసిన చాలునో చెప్పుడు. వాడు మాటాడిన నాడు పండుగ చేయకుడు. "అబ్బో, మూగనోము వీడినదే" యను పరిహాసము దెబ్బకంటె తక్కువది కాదు. మాట వచ్చినపుడు మామూలుగా బదులు చెప్పిన చాలును.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. మౌనము నెలకు మించి సాగి చదువునకు అడ్డమైనచో, వైద్యునకు చూపుడు. చెవి వినికిడియు పరీక్ష చేయింపుడు. ఆటపాటల నడుమ ఉన్నట్టుండి కొన్ని క్షణములు చూపు నిలిచిపోయి, పిలిచినను తెలియని స్థితి మాటిమాటికి కలిగిన, అది జంకు కాక మూర్ఛరోగ భేదమైనను కావచ్చును. గలగల మాటాడు బిడ్డ హఠాత్తుగా మూగవోయినచో ఏదియో జరిగియుండవచ్చును. ఎవరైన బెదరించిరో, హింసించిరో మెల్లగా తెలిసికొనవలెను. తుఫానులు, ఉప్పెనలు ఎరిగిన తీరము మనది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన తీరమును తాకినది. అట్టి ఆపదల పిమ్మట కూడు, గుడ్డ, గూడుతోబాటు, పసివాని మౌనమును కూడ విచారింపవలెను. ఏడ్చు బిడ్డను అందరు ఎత్తుకొందురు. ఏడువని బిడ్డను ఎవరును చూడరు.

ఇక నా శిష్యుని కథ ముగించెదను. మూడవనాడు నేను వాని యింటికి పోయితిని. వాకిట వాని అవ్వ బియ్యము చెరుగుచుండెను. నన్ను చూచి లేచి, "అయ్యవారూ, మావాడు గొడ్లకాడ పద్యాలన్నీ గడగడా చెపుతాడయ్యా. బడిలోనే వాడికి నోరు రాదు. వాణ్ణి కొట్టబాకండి" అనినది. నేను కొట్టలేదని చెప్పబోయి ఊరకుంటిని. కాలువగట్టునకు పోయి తాటిచెట్ల వెనుక నిలుచుంటిని. వాడు గేదెలను నీటిలోనికి తోలుచు, నేను నేర్పిన పద్యమును యతిస్థానమున విరుపు తప్పకుండ చదువుచుండెను. నా తరగతిలో మరెవ్వడును అట్లు చదువలేదు.

నేను వాని యెదుటికి పోలేదు. మరునాడు వాడు బడికి రాగా, "నీవు వ్రాసి చూపిన చాలును" అని మాత్రము చెప్పితిని. వాని ప్రియమిత్రుని వాని ప్రక్కకు మార్చితిని. కొన్ని నెలలు వారిద్దరును కలసి చదువుటకు అలవాటుపడిరి. మొదట మిత్రుని గొంతే వినబడెను. పిదప రెండు గొంతులు వినబడెను. ఉగాదినాటికి, తరగతి ఖాళీయైన పిమ్మట, నా బల్ల ప్రక్కన నిలిచి ఒక్కడే ఒక పద్యము చెప్పెను. అంతకంటె అద్భుతమేమియు జరుగలేదు. వాడు సభలలో మాటాడువాడు కాలేదు. నేటికిని మితభాషియే. సేద్యము చేసికొని గౌరవముగా బ్రతుకుచున్నాడు.

నేను పదవీవిరమణ చేసిన నాడు వాడు వచ్చెను. అందరు పోయినదాక ఒక ప్రక్కన కూర్చుండి, తుదకు నా దగ్గరకు వచ్చి ఇట్లనెను: "అయ్యవారూ, మీరు నన్ను బెంచీ ఎక్కించింది మరిచిపోలేదు. మళ్ళీ మా ఇంటికి వచ్చింది కూడా మరిచిపోలేదు."

ఈ రెండు మాటలలో మొదటిది నాకు శిక్ష, రెండవది నాకు వచ్చిన సన్మానము. ఈ సాయంకాలము మీ అరుగుమీద ఏ పసివాడైన తల వంచుకొని నిలిచియుండిన, ఆ పద్యమును రేపటికి ఉంచుడు. వానిని మీ ప్రక్కన కూర్చుండనిండు.